‘అఫోర్డ్’ అర్థం తెలిసినా వాక్యం ఎందుకు తప్పుతోంది?

తిరుపతిలో బ్యాంకు పరీక్షలకు చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: “అఫోర్డ్ అంటే స్తోమత ఉండటం అని తెలుసు. అయినా వాక్యంలో పెడితే సార్ తప్పు కొడుతున్నారు. ఎలా వాడాలి?”

తప్పు ఆ ‘స్తోమత’ దగ్గరే మొదలైంది. తెలుగులో స్తోమత నామవాచకం, అఫోర్డ్ క్రియ. ‘నాకు స్తోమత లేదు’ని ఉన్నదున్నట్టు దించితే ‘ఐ డోంట్ హ్యావ్ అఫోర్డ్’ అవుతుంది. ఎర్ర గీత పడేది అక్కడే. డబ్బు, స్తోమత అనే అర్థంలో అఫోర్డ్ ఒంటరిగా రాదు. ముందు క్యాన్ గానీ, కుడ్ గానీ, బీ ఏబుల్ టు గానీ ఉండాలి.

అలిపిరి రోడ్డు వైపు రూము చూడ్డానికి వెళ్ళారనుకోండి. ఓనరు అద్దె 8,000, అడ్వాన్సు 3 నెలలది అన్నాడు. మీ దగ్గర అంత లేదు. ‘ఐ కాంట్ అఫోర్డ్ ద అడ్వాన్స్’ అంటే సరిపోతుంది. వెనక క్రియ పెట్టాలనుకుంటే ‘టు’తోనే రావాలి: ‘ఐ కాంట్ అఫోర్డ్ టు పే ద అడ్వాన్స్’. ‘అఫోర్డ్ పేయింగ్’ తప్పు, ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టమనే ప్రశ్నల్లో, అడగదగ్గ బిట్టు. పోయిన ఏడాది సంగతైతే ‘ఐ కుడెంట్ అఫోర్డ్ ఇట్’. ఉద్యోగం వచ్చాక కట్టగలనని చెప్పాలంటే ‘ఐ విల్ బీ ఏబుల్ టు అఫోర్డ్ ఇట్’. ‘విల్ క్యాన్’ అనే జత ఇంగ్లిషులో లేదు. ‘ఐ యామ్ నాట్ అఫోర్డింగ్’ అనరు. ‘ద అడ్వాన్స్ ఈజ్ నాట్ అఫోర్డెడ్ బై మీ’ అని తిప్పి రాయడం కూడా ఈ అర్థంలో కుదరదు.

అదే ఓనరుతో ‘ఐ యామ్ నాట్ అఫోర్డబుల్’ అన్నారంటే, మిమ్మల్ని పనిలో పెట్టుకోవడం ఎదుటివాళ్ళ వల్ల కాదని అర్థం వస్తుంది. అఫోర్డబుల్ అనేది అద్దెకి, ధరకి, ఇంటికి చెప్పే మాట. చీప్‌కీ దీనికీ తేడా ఉంది. చీప్ అంటే ఒక్కోసారి నాసిరకం అనే వాసన తగులుతుంది. అఫోర్డబుల్ అంటే మన జేబుకి అందేది. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో ‘అఫోర్డబుల్ హౌసింగ్ ఇన్ పార్ట్‌నర్‌షిప్’ అని ఒక భాగం ఉంది. అక్కడ చీప్ హౌసింగ్ అని పెట్టి చూడండి, ఎంత చెడ్డగా ఉంటుందో తెలుస్తుంది.

పలకడంలో కూడా ఒక చిక్కుంది. చాలామంది దీన్ని ఎఫర్ట్‌తో కలిపేసి ‘ఐ కాంట్ ఎఫర్ట్’ అంటారు. ఎఫర్ట్ అంటే ప్రయత్నం, అందులో ఒత్తు మొదటి అక్షరం మీద. అఫోర్డ్‌లో ‘అ’ వినీ వినపడనట్టు వదిలేసి ‘ఫోర్డ్’ని ఒత్తాలి.

అన్నిటికన్నా ఎక్కువ ముంచేది ‘భరించు’. మనం ఖర్చు భరించలేమంటాం, రేణిగుంట ఎండా భరించలేమంటాం. ఇంగ్లిషులో ఖర్చుకి అఫోర్డ్, ఎండకి బేర్ లేదా స్టాండ్. ‘ఐ కాంట్ అఫోర్డ్ దిస్ హీట్’ అని రాస్తే, ఎండని దుకాణంలో కొనబోయినట్టు ఉంటుంది.

మరోవైపు, నోట్సులో ఉండే ‘స్తోమత’ అర్థానికి అందని చోట్ల అఫోర్డ్ చక్కగా పనికొస్తుంది. చిత్తూరు వైపు తోతాపురి మామిడి రైతు, ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పిన రేటు వినగానే ‘గిట్టదు’ అంటాడు. ఆయన కొనేవాడు కాదు, అమ్మేవాడు. అయినా ‘ఐ కాంట్ అఫోర్డ్ టు సెల్ అట్ దిస్ ప్రైస్’ అనేది అచ్చంగా ఆయన మాటే. అమ్మితే నష్టం, ఆ నష్టం తట్టుకోలేడు. మెయిన్స్ దగ్గరపడ్డాక ‘వీ కాంట్ అఫోర్డ్ టు మిస్ ఎ సింగిల్ మాక్ టెస్ట్’ అంటే అందులో రూపాయి ప్రసక్తే లేదు. పోతే కుదరదు, అంతే.

అందుకే కోచింగ్ సెంటర్ల పక్కన జెరాక్సు షాపుల్లో దొరికే వెయ్యి పదాల కట్టల మీద నాకు కోపం. ఎడమవైపు ఒక ఇంగ్లిష్ మాట, కుడివైపు ఒక తెలుగు మాట, అయిపోయింది. ఏ మాట పక్కన ఏది వస్తుందో ఒక్క ముక్క ఉండదు. పిల్లలు రాత్రంతా బట్టీ కొట్టి పొద్దున ‘హ్యావ్ అఫోర్డ్’ రాస్తారు. దానికి బదులు లెర్నర్స్ డిక్షనరీ చూడండి. హార్న్‌బీ అనే ఉపాధ్యాయుడు జపాన్‌లో ఇంగ్లిష్ నేర్పుతూ తయారుచేసిన నిఘంటువునే ఆక్స్‌ఫర్డ్ 1948లో అచ్చేసింది. ఇంగ్లిష్ ఇంటి భాష కానివాళ్ళ కోసమే అది పుట్టింది. ఇప్పుడు నెట్‌లో ఉచితంగా, ఆడియోతో సహా ఉంది. అర్థం కన్నా ముందు ఉదాహరణ వాక్యాలు చదవండి. అఫోర్డ్ దగ్గర క్యాన్, కుడ్ ఎన్నిసార్లు కనిపిస్తాయో మీ కళ్ళతోనే చూస్తారు.

రీడింగ్ ప్యాసేజీల్లో ఇంకో అఫోర్డ్ ఎదురవుతుంది: ఇవ్వడం, కల్పించడం అనే అర్థంలో. ‘ద టెర్రస్ అఫోర్డ్స్ ఎ వ్యూ ఆఫ్ ద హిల్స్’ అంటే డాబా మీంచి కొండలు కనిపిస్తాయని. దీనికి క్యాన్ అక్కర్లేదు, ప్యాసివ్ కూడా ఒప్పుకుంటుంది: ‘హీ వాజ్ అఫోర్డెడ్ ఎన్ ఆపర్చునిటీ’. కోర్టు తీర్పుల్లో, సంపాదకీయాల్లో ఇది మామూలే. మాట్లాడేటప్పుడు మాత్రం వాడకండి, గివ్ చాలు.

ఈ రాత్రి మీ ఖర్చుల మీదే 5 వాక్యాలు రాయండి: రెండు కాంట్‌తో, ఒకటి కుడెంట్‌తో, ఒకటి ప్రశ్న, ఒకటి ‘విల్ బీ ఏబుల్ టు’తో. రేపు చూడకుండా మళ్ళీ రాయండి, ఆపైన వారానికి ఒకసారి. తప్పు దొర్లితే మొదట జారిపోయేది ‘టు’నే, ముందు దాన్నే వెతకండి.