బోర్డర్, బౌండరీ రెండూ ఒకటేనా?

"రెండిటికీ సరిహద్దు అనే కదా అర్థం, ఏది వాడినా పర్వాలేదా?" అని అడిగారు. కొన్నిచోట్ల పర్వాలేదు, చాలాచోట్ల కుదరదు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం, పక్కనే ఆంధ్రాలోని పాతపట్నం. ఇక్కడ అందరూ "మేం బోర్డర్‌లో ఉంటాం" అంటారు. "బౌండరీలో ఉంటాం" అని ఎవరూ అనరు, ఇంగ్లీషులోనూ అది నప్పదు. బోర్డర్ అంటే గీత ఒక్కటే కాదు, దాని పక్కనున్న ఊళ్లు, చెక్‌పోస్టు, రెండు భాషల సంత కూడా. బౌండరీ మాత్రం ఏది ఎక్కడిదాకా అని తేల్చే గీత.

ప్రభుత్వం పెట్టిన పేర్లలోనూ ఇదే తేడా. 1947లో భారత్, పాకిస్తాన్ల మధ్య రాడ్‌క్లిఫ్ గీత గీసినవి బౌండరీ కమిషన్లు. దేశం అంచున కాపలాకి 1965లో పెట్టింది బోర్డర్ సెక్యూరిటీ ఫోర్స్. రాజ్యాంగం 3వ అధికరణంలో పార్లమెంటు మార్చగలిగేవి రాష్ట్రాల బౌండరీలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా జమీందారీలో కొంత ఇటు వచ్చి, కొంత మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. కాగితం మీద అలా విడదీసింది కూడా బౌండరీయే.

నేనొక వకీలు గారి దగ్గర టైపింగ్ చేస్తాను. స్థలం దస్తావేజుల్లో ఒడియావాళ్లు చౌహద్ది అంటారు, ఆంధ్రా వైపు చెక్కుబందీ, ఇంగ్లీషులో బౌండరీస్. ఒకాయన "పక్కింటాయన మా బోర్డర్ దాటి గోడ కట్టాడు" అని ఇంగ్లీషులో అర్జీ రాసుకొచ్చాడు. చదివితే ఇద్దరికీ చెరో సైన్యం ఉందేమో అనిపించింది! బౌండరీ అని మార్చి ఇచ్చాను. ఇంటి ప్రహరీని కూడా బౌండరీ వాల్ అనే అంటారు.

చీరకి, ఫొటోకి ఉండేది బోర్డర్, ఎందుకంటే ఆ అంచుకి వెడల్పు ఉంది. క్రికెట్‌లో బంతి తాడుని తాకడమో దాటడమో జరిగిందా లేదా అన్నదే లెక్క, కాబట్టి బౌండరీ. ఎదుటి మనిషి మన విషయంలో ఎంతవరకు రావచ్చో చెప్పేవీ బౌండరీసే.

వ్యాకరణంలో ఇంకో తేడా. బోర్డర్‌ని క్రియగానూ వాడొచ్చు: "ఒడిశా బోర్డర్స్ ఆంధ్రప్రదేశ్" సరైన వాక్యమే. బౌండరీతో అలా రాయలేం, "బౌండెడ్ బై" అనాలి. దస్తావేజుల్లో రోజూ కొట్టే మాట అది.

ఇక ఒడిశా, ఆంధ్రా రెండూ మావంటే మావనే కొఠియా గ్రామాల గొడవలాంటి వాటికి బోర్డర్ డిస్‌ప్యూట్, బౌండరీ డిస్‌ప్యూట్ రెండూ రాస్తారు. అక్కడ ఏది రాసినా తప్పు పట్టక్కర్లేదు.