టీసీ తీసుకోకండి, అర్జీ రాసివ్వండి

"మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల కాళ్ళూ చేతులూ సరిగ్గా స్వాధీనంలో ఉండవు), రాయడం నిదానం. నాలుగో తరగతికి వచ్చాక స్కూల్ వాళ్ళు టీసీ తీసుకుని స్పెషల్ స్కూల్లో వెయ్యమంటున్నారు. ఎలా మాట్లాడాలి?" అని రాజోలు నుంచి ఒకమ్మ అడిగారు.

అమ్మా, ముందు ఆ టీసీ తీసుకోకండి. మీరు సంతకం పెట్టి తీసుకుంటే మీ అంతట మీరే మాన్పించుకున్నట్టు అయిపోతుంది. ఇక నోటితో మాట్లాడటం ఆపి, కాగితం మీద రాయండి. ప్రిన్సిపాల్ గదిలో ఎంత బతిమాలినా ఆ మాటలు గది గుమ్మం దాటవు. అర్జీ రాసి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకుంటే జవాబు చెప్పాల్సిన పని వాళ్ళ మీద పడుతుంది.

మా పాపది కూడా ఇదే సమస్య. కుడి చెయ్యి బిగుసుకుపోతుంది. మూడో తరగతిలో "పాపకి ఏమీ రావట్లేదండీ" అని టీచర్ ఒకటే గొడవ. నేనేం చేశానంటే, స్కూల్లో ఇచ్చిన డిక్టేషన్ మాటలే ఇంట్లో వేరే నోట్సులో, తొందర పెట్టకుండా రాయించాను. పేజీ పైన మొదలుపెట్టిన టైమ్, కింద పూర్తయిన టైమ్ వేశాను. ఆ రెండు నోట్సులూ పట్టుకుని, మా ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆడమనిషి ఒక్కతే వెళ్తే "మీ వారిని తీసుకురండమ్మా" అని వెనక్కి పంపడం మన వైపు బాగా అలవాటు. పిల్ల సంగతి పూసగుచ్చినట్టు చెప్పగలిగేది తల్లే అయినా సరే. ఇది నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే విషయం.

నోట్సులు రెండూ టేబుల్ మీద పక్కపక్కన తెరిచి పెట్టాను. స్కూలుదాన్లో మొదటి మూడు మాటలు సరిగ్గా ఉన్నాయి, నాలుగోది సగంలో ఆగిపోయింది, ఆపైన ఖాళీ, కింద ఎర్ర సిరాతో 'పూర్' అని ఉంది. ఇంటిదాన్లో అక్షరాలు వంకరే గానీ అన్ని మాటలూ ఉన్నాయి, తప్పుల్లేవు. ప్రిన్సిపాల్ గారు పేజీలు అటూ ఇటూ తిప్పి, "ఇంట్లో మీరు చెప్పి రాయించి ఉంటారు" అన్నారు. పాపని పిలిపించండి, మీ ముందే రాస్తుంది అన్నాను. వచ్చింది. ఎడమ చేత్తో కాగితం నొక్కి పట్టుకుని, పెన్సిల్ జారినప్పుడల్లా బొటనవేలు మళ్ళీ సర్దుకుంటూ రాసింది. అన్నీ కరెక్టే.

అప్పుడు అర్జీ ఇచ్చాను. అందులో "మా పాపను దయతో చూడగలరు" అన్న మాట లేదు. పరీక్షల్లో అదనపు సమయం కావాలి, బోర్డు మీదది మొత్తం ఎక్కించుకోమనకుండా జిరాక్స్ ఇవ్వాలి, కూర్చోవడానికి గుమ్మానికి దగ్గర బెంచీ కావాలి అని అడిగాను. మీరూ ఇలా ఏది కావాలో అదే రాయండి. మేనేజ్‌మెంట్‌ని అడగాలంటూ క్లర్కు ముద్ర వెయ్యనన్నారు. వేసేదాకా మేమిద్దరం అక్కడినుంచి కదల్లేదు.

చట్టం పేరు కూడా అర్జీలో రాయండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 16. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ స్కూలైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లల అవసరాన్ని బట్టి సౌకర్యాలు కల్పించాలి. ప్రైవేటు స్కూలుకి గుర్తింపు ఇచ్చిందీ ప్రభుత్వమే కాబట్టి "మాది ప్రైవేటు" అంటే కుదరదు. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే సెక్షన్ 31 కింద 6 నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. అందులోనే ఇంకో మాట ఉంది: దగ్గర్లోని బడా, స్పెషల్ స్కూలా అన్నది మన ఇష్టం. స్కూల్ వాళ్ళ ఇష్టం కాదు.

సర్టిఫికెట్ వచ్చేదాకా అర్జీ ఆపకండి. దానికోసం డాక్టరు పరీక్షకి స్లాట్ దొరకడమే గగనం. మాకు కాకినాడ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే, వరదొచ్చి గోదావరి దాటించే కోటిపల్లి పంటు ఆగితే ఎదుర్లంక వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. చెయ్యి బిగిసిన పిల్లతో ఆటోలు మారడం ఎంత నరకమో ఈ స్లాట్లు పెట్టేవాళ్ళకి తెలియాలి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మన కోనసీమలో దుబాయ్, మస్కట్ వెళ్ళి సంపాదించిందంతా ఇంగ్లీష్ మీడియం ఫీజులకే పోస్తాం. కానీ ఇలాంటి పిల్లలకి ఎలా చెప్పాలో శిక్షణ తీసుకున్న టీచర్లు ఉన్నది సమగ్ర శిక్ష వాళ్ళ భవిత కేంద్రాల్లో. సర్కారుదని చిన్నచూపు చూడకుండా మీ మండలంలో ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కోండి. ఫిజియోథెరపీ కూడా అక్కడ చేయిస్తారు. ఆ టీచరు చేత బాబు అవసరాలు రాయించుకుంటే అర్జీకి జతచేయచ్చు.

స్కూల్ వాళ్ళు కదలకపోతే అదే కాపీ ఎంఈఓకి, తర్వాత డీఈఓకి (జిల్లా విద్యాధికారికి) ఇవ్వండి. అప్పటికీ కాకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ముద్ర వేసిన కాగితాలన్నీ ఒకే ఫైల్లో ఉంచండి. పదో తరగతిలో స్క్రైబ్ (పిల్లలు చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) కోసం, అదనపు సమయం కోసం పెట్టుకునేటప్పుడు చిన్నప్పటి నుంచీ అడుగుతున్నామని చూపించడానికి అవే పనికొస్తాయి.