లైటు కింది నుంచి తీసిన ఆ నిమిషం గురించి రాయి

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. మొదటి పేజీ చదవగానే పక్కన పెట్టేద్దామనుకున్నాను. వెలుతురుతో ఆహారం చేసుకునే ఈ సయనోబాక్టీరియా మీద రాసే ప్రతివాళ్లూ 240 కోట్ల ఏళ్ల నాటి ఆక్సిజన్‌తోనే ఎందుకు మొదలుపెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. భూమికి ఊపిరి పోసినవి అవేలే, కాదనను. కానీ నువ్వు రాస్తున్నది వాటి నుంచి ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువుల పనిప్రతి, తీయడం గురించి. ఆ సంగతి మూడో పేజీలో గానీ రాలేదు. వచ్చింది కూడా ఒకే ఒక్క వాక్యంలో: "తర్వాత కల్చర్‌ను పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, కణాలను సేకరించి, కిట్ సూచనల ప్రకారం ఆర్‌ఎన్‌ఏను వేరుచేశాం."

ఈ ఉత్తరం రాయించింది ఆ వాక్యమే. చదివి నాకు ఒళ్లు మండింది.

నీ ప్రయోగం దేని గురించి? వెలుతురు పెరిగితే సినెకోసిస్టిస్ అనే సయనోబాక్టీరియా జన్యువులు ఎలా స్పందిస్తాయన్నదాని గురించి. మరి నువ్వు చేసిందేమిటి? లైటు కింద 30 డిగ్రీల వెచ్చదనంలో హాయిగా ఊగుతున్న ఫ్లాస్కును తీసుకెళ్లి, ట్యూబుల్లో పోసి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిరిగే రోటర్‌లో పెట్టి, మూత వేశావు. లోపల కటిక చీకటి. అడుగున కణాలన్నీ ఒకదాని మీద ఒకటి. అలా పది నిమిషాలు! బాక్టీరియాలో, ప్రోటీన్ తయారీకి కబురు మోసే ఎంఆర్‌ఎన్‌ఏలలో చాలావాటి ఆయుష్షే కొన్ని నిమిషాలు. కిరణజన్య సంయోగక్రియలో పనిచేసే డీ1 ప్రోటీన్‌కు ఆధారమైన పీఎస్‌బీఏ జన్యువు సంగతే చూడు. దాని ఎంఆర్‌ఎన్‌ఏ వెలుతురులో నిమిషాల లెక్కన కరిగిపోతుంది, చీకట్లో గంటల తరబడి నిలబడుతుంది. అలాంటప్పుడు నీ గ్రాఫులో కనిపించేది వెలుతురు ప్రభావమా, రోటర్ లోపలి చీకటి ప్రభావమా? నువ్వే చెప్పు.

ఐసులో పెట్టానంటావేమో. నెమ్మదిగా చల్లబడటం కూడా వీటికి ఒక కబురే. చలి తగలగానే కొవ్వు ఆమ్లాల డీసాచురేస్ జన్యువులు మేల్కొంటాయి. ఐసు కాపాడుతుంది, కానీ ఏ మార్పూ రానివ్వదని నమ్మకం పెట్టుకోకు.

ఆర్‌ఎన్‌ఏ మంచిదా కాదా అన్నది కిట్ డబ్బా తెరవకముందే తేలిపోతుంది. లైటు కింది నుంచి తీసిన మొదటి నిమిషంలోనే. ఆ తర్వాత చేసేదంతా శుభ్రం చేసుకోవడమే. ఈ మాట చెప్పీ చెప్పీ చాలామందికి విసుగు పుట్టించాను, నీకూ పుట్టిస్తాను.

నేను పనిలో చేరిన కొత్తలో సెంట్రిఫ్యూజ్ వేరే అంతస్తులో ఉండేది. అందరూ ట్యూబులు పట్టుకుని మెట్లు దిగేవారు, దారిలో కబుర్లు. నేను వాక్యూమ్ పంపును మోసుకొచ్చి కల్చర్ షెల్ఫు పక్కనే పెట్టుకుంటే మా సీనియర్ ఒకాయన నవ్వాడు. ఆ లైటు కిందే ఫిల్టర్ మీద కల్చర్ పోసేవాణ్ని. నీళ్లు దిగిపోతుంటాయి. పైన మెరుపు పోయి పొర మీద పచ్చటి బిళ్ల మిగలగానే పంపు ఆపడం, ఫోర్సెప్స్‌తో పచ్చవైపు లోపలికి మడవడం, ద్రవ నైట్రోజన్‌లో పడేయడం. చెయ్యి తిరిగితే అంతా నిమిషంలోపు పని. నాస్టాక్ లాంటి జిగురు జాతులతో మాత్రం ఫిల్టర్ పూడుకుపోతుంది, అందుకని కొద్దికొద్దిగా పోయాలి. నైట్రోజన్ దొరక్కపోతే, ఇథనాల్‌లో 5 శాతం ఫినాల్ కలిపి బాగా చల్లబరిచి, కల్చర్‌ను నేరుగా అందులో కలిపేయి. ఆ తర్వాత నీ సెంట్రిఫ్యూజ్‌కు నిశ్చింతగా వెళ్లొచ్చు.

దీని మీద ఒకప్పుడు ఒక పత్రికకు రాశాను. పేజీ పొడుగునా ఈ ఫిల్టర్ గొడవే. ఎడిటర్ గారు దాన్ని మొత్తం కొట్టేసి, "ఇదంతా పాఠకుడికెందుకండీ, ఫలితం చెప్పండి చాలు" అన్నారు. చివర్లో మొక్కుబడిగా రాసిన "రేపటి ఇంధనం" పేరాను మాత్రం బాక్సు కట్టి వేశారు. నువ్వు ఆ ఒక్క వాక్యంతో సరిపెట్టుకోవడానికి కారణం అలాంటి పత్రికలు చదివి పెరగడమేనని నా అనుమానం.

ఇక కణం పగలగొట్టడం. ఈ.కోలైకి చేసినట్టే కణం గోడను కోసే లైసోజైమ్ ఎంజైమ్ వేసి 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచానని రాశావు. అప్పటికి కణాలు బతికే ఉన్నాయి కదా! ఆ అరగంటా అవి తమకు తోచిన జన్యువుల్ని నడుపుకుంటూనే ఉన్నాయి. పైగా వీటి పెప్టిడోగ్లైకాన్ గోడ ఈ.కోలై గోడకంటే బాగా మందం, దాని మీద చాలా జాతుల్లో పాలీశాకరైడ్ల (జిగురు చక్కెరల) తొడుగు. గడ్డకట్టిన ఫిల్టర్‌ను కరగనివ్వకుండా నేరుగా, ప్రోటీన్లను చెదరగొట్టే గ్వానిడిన్-ఫినాల్ ద్రావణంలో వేసి, 0.1 మిల్లీమీటర్ల గాజు పూసలతో కాస్సేపు బాదు, కాస్సేపు ఐసులో పెట్టు, మళ్లీ బాదు. లేదా వేడిని నమ్ముకో. సయనోబాక్టీరియా కోసమే 2009లో ప్రచురించిన పీజీటీఎక్స్ పద్ధతిలో ఫినాల్, గ్లిసరాల్, గ్వానిడిన్ మిశ్రమంలో కణాల్ని 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచుతారు. వీటన్నిటికీ మూలం 1987లో ఖోమ్‌చిన్‌స్కీ, సాక్కీ ఇచ్చిన ఆమ్ల ఫినాల్ పద్ధతే. పీహెచ్ తక్కువగా, అంటే ఆమ్లంగా ఉంటే, ద్రావణం పొరలుగా విడిపోయినప్పుడు డీఎన్‌ఏ కింది పొరలోకీ మధ్య పొరలోకీ పోతుంది, ఆర్‌ఎన్‌ఏ పైన నీళ్ల పొరలో మిగులుతుంది. కిట్ వాడేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమందో! బాటిల్ మీద బఫర్ ఏ, బఫర్ బీ అని ఉంటే చాలు, లోపల ఏముందో అడగరు. ఈ కిట్ల ఫ్యాషన్ వచ్చాక ఫినాల్ వాసన తెలియనివాళ్లు కూడా ఫినాల్ గురించి సలహాలిస్తున్నారు.

పై పొరను వెలుతురుకు ఎత్తి చూశావా? క్లోరోఫిల్ కిందికి పోవాలి, పైన రంగు ఉండకూడదు. లేత నీలి ఛాయ ఉందంటే ఫైకోసయనిన్ ఇంకా చెదరలేదన్నమాట, అది నీళ్లలో కరిగే ప్రోటీన్ కదా. ఇంకోసారి ఫినాల్-క్లోరోఫామ్ చేయి. మధ్యలో తెల్లటి పొర దగ్గర పిపెట్ ఆపేయి, ఆఖరి చుక్కకు ఆశపడకు. ఐసోప్రొపనాల్ వేశాక అడుగున చేరిన పెలెట్ గాజులా, జారుతూ, జెల్లీలా ఉంటే అందులో ఎక్కువ భాగం పాలీశాకరైడే. ఉప్పు బాగా పెంచి మళ్లీ అవక్షేపిస్తే ఆ జిగురు చాలావరకు ద్రావణంలోనే ఉండిపోతుంది. లిథియం క్లోరైడ్ కూడా పనిచేస్తుంది, కాకపోతే చిన్న ఆర్‌ఎన్‌ఏలు చేజారతాయి. పెలెట్‌ను మరీ ఎండబెట్టకు, తర్వాత కరగదు.

260, 280 నానోమీటర్ల వెలుతురును ఎంతెంత పీల్చుకుందో చెప్పే 260/280 నిష్పత్తి 2.0 వచ్చిందని ఆశ్చర్యార్థకం పెట్టావు. అది ప్రోటీన్ పెద్దగా లేదని చెబుతుంది, అంతే. ఆర్‌ఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉందా నుగ్గునుగ్గయిందా అన్నది దానికి తెలియదు. కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపినా బరువు మారదు, ఇదీ అంతే. 260/230 ఎంతో ఎందుకు రాయలేదు? గ్వానిడిన్, పాలీశాకరైడ్లు బయటపడేది అక్కడే.

అలాగని ఆర్‌ఎన్‌ఏ ఎంత పాడవకుండా ఉందో చెబుతూ యంత్రం ఇచ్చే ఆర్‌ఐఎన్ అంకెకు కూడా దండం పెట్టకు. ఒకసారి సినెకోకాకస్ అనే మరో సయనోబాక్టీరియా ఆర్‌ఎన్‌ఏతో మేం చేసిన పని పత్రిక నుంచి వెనక్కి వచ్చింది. "23ఎస్ పట్టీ సరిగా లేదు, శాంపిల్ పాడైంది" అని ఒక రివ్యూయర్ తీర్పు. ఆ జీవిలో 23ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ, అంటే రైబోజోమ్‌లోని పెద్ద ఆర్‌ఎన్‌ఏ, కణం లోపలే, తయారైన తర్వాత, సహజంగా తెగుతుంది. దాన్ని అనాసిస్టిస్ అని పిలిచే రోజుల్లోనే, 1973లో, ఫోర్డ్ డూలిటిల్ చూపించిన విషయం. ఆ పేపరు జతచేసి జవాబు రాశాను. ఎడిటర్ రివ్యూయర్ మాటే ఖాయం చేశాడు. యంత్రం అంకెను నమ్మాడు గానీ జీవిని చదవలేదు. ఆ కోపం నాకింకా చల్లారలేదు, చల్లారాలన్న తొందర కూడా లేదు. నువ్వు మాత్రం ఆర్‌ఎన్‌ఏను సైజుల వారీగా విడదీసే జెల్ చూసేటప్పుడు పట్టీలు ఎన్ని ఉన్నాయని కాదు, అవి పదునుగా ఉన్నాయా, కిందికి మసకగా సాగాయా అన్నది చూడు.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. ఐదో పేజీలో బ్రాకెట్ల మధ్య ఒక చిన్న వాక్యం ఉంది: "రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని ట్యూబులోనూ కర్వ్ పైకి లేచింది, అందుకని ఆ బ్యాచ్ మొత్తం పారేశాను." వ్యాసం మొత్తంలో నన్ను కదిలించింది అదొక్కటే. ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఆ ఎంజైమ్ లేకుండానే కర్వ్ లేచిందంటే శాంపిల్లో డీఎన్‌ఏ మిగిలిపోయిందన్నమాట. ఆ వాక్యాన్ని బ్రాకెట్లలో దాచావెందుకు? ఒక్కో సినెకోసిస్టిస్ కణంలో జీనోమ్ ప్రతులు పది పైచిలుకే ఉంటాయి. ప్రోటీన్ జన్యువుల్లో మామూలుగా ఇంట్రాన్లు (ఎంఆర్‌ఎన్‌ఏలోంచి కత్తిరించుకుపోయే ముక్కలు) ఉండవు కాబట్టి, డీఎన్‌ఏను వదిలేసి ఆర్‌ఎన్‌ఏను మాత్రమే పట్టే ప్రైమర్లు రాసుకునే వీలు లేదు. డీఎన్‌ఏను కోసే డీఎన్‌ఏస్ ఎంజైమ్ ఒక విడత సరిపోదు, రెండో విడత చేయాల్సి వస్తుంది, ఆ కంట్రోల్ ట్యూబు తప్పనిసరి. ఈ మూడు ముక్కలూ ఆ వాక్యం చుట్టూ పేర్చు. ఆ కర్వ్ లేచినప్పుడు స్క్రీన్ ముందు నువ్వు పడ్డ టెన్షన్, ఆ బ్యాచ్ పారేయాలా వద్దా అన్న గుంజాటన రాయి. "జీవన సంగీతం" అన్న పేరా కొట్టెయ్.

ఏ కిట్ కొనమంటారని అడిగావు, వ్యాసం ఎవరికి పంపాలని అడిగావు. ఇంకా ఏవో అడిగావు గానీ ఆ కాగితం ఇప్పుడు చేతికి అందడం లేదు.

తిరగరాసి పంపు. ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టు. ఈసారి జెల్ ఫోటో కూడా జతచెయ్యి. సైజుల కొలబద్ద అయిన ల్యాడర్ లేన్ కత్తిరించకుండా, కాంట్రాస్ట్ పెంచకుండా, మొత్తం జెల్.

ఆశీస్సులతో,
మీ సార్