ఏ-3 అంటే తోడుదొంగ అని కాదు

ప్రశ్న: మా తమ్ముడికి అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. పోయిన నెల తెలిసిన కుర్రాడి దగ్గర 6 వేలకు పాత ఫోన్ కొన్నాడు, బిల్లు లేదు. తీరా చూస్తే అది రోడ్డు మీద లాక్కొచ్చిన ఫోనట. మావాణ్ణి ఏ-3గా, అంటే మూడో నిందితుడిగా చేర్చారు. పేపర్లో 'సహ నిందితుడు' అని వేశారు, చుట్టాలేమో తోడుదొంగ అంటున్నారు. అప్రూవర్‌గా మారితే బయటపడతాడని కొందరి సలహా. మారమంటారా?
– ఒక అక్క, అంబర్‌పేట

జవాబు: ఆ సలహా పక్కన పెట్టండమ్మా. అప్రూవర్ అంటే నేరంలో తన పాత్రతో సహా నిజమంతా చెప్పి, మిగతా నిందితుల మీద సాక్ష్యమిచ్చి, బదులుగా క్షమాభిక్ష పొందేవాడు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ తమ్ముడి కేసులో ఆ దారే లేదు.

ముందు మాటల సంగతి. సహ నిందితుడంటే అదే కేసులో ఆరోపణ ఉన్న ఇంకో మనిషి, అంతే. నేరంలో చెయ్యి కలిపినవాణ్ణి లా పుస్తకాల్లో సహాపరాధి అంటారు. తోడుదొంగ దానికి ఊరి మాట. పోలీసులు పేరు రాయగానే సహ నిందితుడవుతాడు, తోడుదొంగ కావాలంటే మాత్రం కోర్టులో రుజువు కావాలి. ఏ-1, ఏ-3 అనేవి వరుస నంబర్లే.

ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకుని సెక్షన్లు చూడండి. భారతీయ న్యాయ సంహితలో స్నాచింగ్‌కు 304, దొంగసొత్తని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ తీసుకున్నందుకు 317(2). రెండింటికీ గరిష్ఠంగా మూడేళ్లు. పక్కన 3(5) కూడా ఉందా? అది ఉమ్మడి ఉద్దేశం: ముందే కూడబలుక్కుంటే బండి నడిపినవాడికీ ఫోన్ లాగినవాడికీ ఒకటే శిక్ష. లాక్కొచ్చాక ఫోన్ కొన్నంత మాత్రాన అది అతకదు. మీ లాయరు గట్టిగా వాదించాల్సింది అక్కడే.

ఇక అప్రూవర్. క్షమాభిక్ష ఇచ్చేది మేజిస్ట్రేటు, స్టేషన్ కాదు. అదీ సెషన్స్ కోర్టో స్పెషల్ జడ్జో మాత్రమే విచారించే నేరాల్లో, లేదా ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో (కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 343). మూడేళ్ల కేసు అక్కడిదాకా రాదు. పైగా అప్పటికే బెయిలు మీద లేని అప్రూవర్ విచారణ ముగిసేదాకా జైల్లోనే ఉండాలి. సలహాలిచ్చేవాళ్లు ఈ ముక్క చెప్పరు!

ఏ-1 స్టేషన్లో మీవాడి పేరు చెప్పాడని భయపడకండి. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. ఆ మాట వల్ల వస్తువు దొరికితే, దొరకడానికి సంబంధించిన భాగమే నిలుస్తుంది.

కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద: దొంగసొత్తని నమ్మడానికి మీవాడికి కారణం ఉందా? ఆ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో 8 వేలు పలికితే 6 వేలు మామూలు బేరమే. 25 వేలు పలికేదైతే, పైగా బిల్లు లేకపోతే, కష్టం. యూపీఐ చెల్లింపు, వాట్సాప్ చాట్, షాపు రిజిస్టరు ఉన్నవి ఉన్నట్టే లాయరుకివ్వండి. ఏదీ చెరపొద్దు. పాత తేదీతో ఇప్పుడు బిల్లు పుట్టించారా, అది వేరే కేసవుతుంది.

అదే సురక్షా సంహిత 35(3) కింద హాజరు కమ్మని పోలీసుల నోటీసు వస్తే చెప్పిన రోజుకు వెళ్లాలి. నోటీసును పాటిస్తున్నవాణ్ణి, కారణాలు రాసిపెట్టకుండా అరెస్టు చేయకూడదు. తెల్లకాగితం మీద మాత్రం సంతకం పెట్టొద్దనండి.