టీఎస్‌హెచ్ ఇంకా 8.6 ఉంది, థైరాయిడ్ డోసు నేనే పెంచుకోవచ్చా?

50 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టి మూడు వారాలైందని, టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే రక్తంలో పెరిగే మరో హార్మోన్) ఇంకా 8.6 ఉందని, 75కి మీరే మారిపోవచ్చా అని అడిగారు. దయచేసి మారకండి. మూడు వారాలకు చేయించిన టెస్టుతో ఏమీ తేలదు. ఈ మాత్రలోని మందు, లెవోథైరాక్సిన్, ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. అందుకే డోసు మారితే రక్తంలో అది నిలకడకు వచ్చి, దాన్నిబట్టి టీఎస్‌హెచ్ దిగేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలవుతుంది. మీ 8.6 ఇంకా దిగుతూ ఉండొచ్చు.

నేను పదకొండేళ్లుగా ఈ మాత్ర వాడుతున్నాను. నాలుగేళ్ల క్రితం, ఎప్పుడూ 3 దగ్గరుండే టీఎస్‌హెచ్ ఉన్నట్టుండి 9.4 వచ్చింది. టెన్షన్‌తో నా 75 మాత్రకు ఇంట్లో మిగిలిన పాత 25 మాత్రలు రెండేసి కలిపి మింగడం మొదలుపెట్టాను. నెల తిరక్కుండానే రాత్రి పక్కకు తిరిగి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి చెవికి వినిపించేది. బడిలో బోర్డు మీద రాస్తుంటే చెయ్యి వణికి గీత వంకరపోయేది.

డాక్టరమ్మ రిపోర్టు చూడకముందే అడిగింది: "పొద్దున్నే దీంతోపాటు ఇంకేం వేసుకున్నారు?" అప్పుడు గుర్తొచ్చింది. మోకాలి నొప్పికి మూడు నెలలు కాల్షియం మాత్ర వాడాను, అదీ పరగడుపున, థైరాయిడ్ మాత్రతో కలిపే. కాల్షియం మందును పేగుల్లో పట్టేసి ఒంటికి అందనివ్వలేదు, అందుకే 9.4. ఆ కోర్సు అయిపోయాక 75 పూర్తిగా అందడం మొదలైంది, దానిమీద నేను కలిపిన 50 ఎక్కువైంది. ఆవిడ మళ్లీ 75 ఒక్కటే వేసుకోమంది. ఏడు వారాలకు 2.8 వచ్చింది.

కాబట్టి ముందు మీరెలా వేసుకుంటున్నారో చూసుకోండి. మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం కావాలి. టెస్టు రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే డాక్టరుకు చెప్పి రెండు మూడు రోజుల ముందే ఆపాలి. చాలా ల్యాబుల పద్ధతిలో అది టీఎస్‌హెచ్‌ను తప్పుగా తక్కువ చూపిస్తుంది.

ఒకవేళ మీకు నెల తప్పి ఉంటే మాత్రం ఈ ఆరు వారాల లెక్క పక్కన పెట్టి ఇవాళే డాక్టరుకు ఫోన్ చేయండి. తొలి వారాల నుంచే బిడ్డ కోసం డోసు పెంచాల్సి రావచ్చు.