భిన్నాల లెక్కలు మొదలుపెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఐదో తరగతి చదువుతున్న మీ అబ్బాయికి భిన్నాలు ఇంట్లోనే నేర్పాలనుకుంటున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. మొదటి రోజే కూడిక సూత్రం చెప్పవద్దు. గీత కింద ఉన్న హారం మన దగ్గరున్నవి ఎంతెంత ముక్కలో చెబుతుందని, పైనున్న లవం అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో చెబుతుందని ముందు వాడికి బోధపడాలి. ఈ తేడా తెలియని పిల్లవాడు 1/2, 1/3 కలపమంటే పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడి 2/5 అని రాస్తాడు. అప్పుడు కోప్పడకుండా, ఆ వచ్చినది అరకంటే ఎక్కువా తక్కువా అని అడుగు. అయిదులో సగం రెండున్నర కనుక 2/5 అరకంటే తక్కువే. అరకు మరికొంత కలిపితే ఉన్నది తగ్గిందేమిటన్న అనుమానం వాడికే రావాలి.

తరువాత ఒక కాగితపు పట్టీని నాలుగు సమభాగాలుగా మడిపించి, మూడింటికి రంగు వేయించు. దానినే నిలువునా సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్లలో ఆరింటికి రంగు కనిపిస్తుంది. రంగు పెరగలేదు, తరగలేదు, 3/4 కాస్తా 6/8 అయింది. లవాన్నీ హారాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తే విలువ మారదన్నది ఇక్కడ కళ్లారా చూసినవాడికి మిగిలిన సగం పాఠం వచ్చినట్లే కనుక, ఈ పనికి వారం పట్టినా తొందరపడకు.

ఇక కూడికకు వద్దాం. 1957లో నయాపైసలు వచ్చేవరకు రూపాయికి పదహారణాలు ఉండేవి. పావలా (నాలుగణాలు), బేడ (రెండణాలు) కలిపితే ఎంతని అడిగితే ఆ కాలపు పిల్లలు తడుముకోకుండా ఆరణాలు అనేవారు. 1/4ను 4/16గా, 1/8ను 2/16గా మార్చి 6/16 అనడం, కుదించి 3/8 అనడం అదే పని. హారాలు వేరైనప్పుడు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే ఆ హారాలన్నీ శేషం లేకుండా భాగించే అతిచిన్న సంఖ్య) కట్టేది ఇందుకే: 2/3, 3/4 కలపాలంటే రెండింటినీ పన్నెండో వంతుల్లోకి మార్చి, 8/12, 9/12 కూడి, 17/12 అని, అంటే ఒకటీ 5/12 అని రాయాలి. తీసివేతకూ ఇదే పద్ధతి.

గుణకారంలో హారాలు సమానం చేయనక్కరలేదు. కూడిక నేర్చిన ఊపులో పిల్లలు ఇక్కడా క.సా.గు. కట్టబోతారు, చూసుకో. ముప్పావులో సగం ఎంతంటే లవాలను, హారాలను విడివిడిగా గుణిస్తే 3/8 వస్తుంది. గుణిస్తే పెరగాలి కదా అని వాడు అడిగితే, సగమే తీసుకున్నామని గుర్తుచేయి.

భాగహారంలో, భాగించే భిన్నాన్ని తిరగేసి గుణించాలన్న సూత్రాన్ని 9వ శతాబ్దంలోనే గణితవేత్త మహావీరాచార్యుడు చెప్పాడు, ఆయన గణితాన్ని కవి పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అయినా సూత్రం కంటే ముందు, ముప్పావు లీటరు నూనెను అరపావు (1/8) లీటరు సీసాల్లోకి పోస్తే ఎన్ని నిండుతాయో వంటింట్లో పోయించి చూపించు. ఆరు నిండాక 3/4ను 8తో గుణించినా ఆరే వస్తుందని చూపిస్తే, 1/8 ఎందుకు తిరగబడిందో వేరే చెప్పనక్కరలేదు.

రోజుకు నాలుగైదు లెక్కలు చాలు. తప్పుపోయిన వాటిని చెరిపించకుండా ఆ పేజీ ఫోటో తీసి పంపు. వాడు ఎక్కడ తడబడుతున్నాడో చూసి, మిశ్రమ భిన్నాల సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య