రేడియోలో మేజిక్ చేసి స్టార్లయ్యారు, నిజమే.. మరి మీవాడు?

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాశారు: ‘మావాడు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మేజిక్ పిచ్చి. పాడ్‌కాస్ట్‌లో మైండ్ రీడింగ్ చేస్తాడట. యుద్ధం రోజుల్లో మెజీషియన్లు రేడియోలో స్టార్లయ్యారని వాదిస్తున్నాడు. కోపంతో పేకముక్కలన్నీ పారేశాను. బీటెక్‌లో వేయాలా, మీడియా కోర్సులోనా?’

సార్, మీ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు. 1943లో, రెండో ప్రపంచ యుద్ధం మంచి ఊపు మీదుండగా, అమెరికాలో డనింజర్ అనే ఆయన రేడియోలో ఎదుటివాళ్ల మనసులో మాట చెప్పేస్తూ పెద్ద షోనే నడిపాడు. ఎడ్గర్ బెర్గెన్ సంగతి ఇంకా విచిత్రం. ఆయన వెంట్రిలాక్విస్ట్. పెదాలు కదలకుండా బొమ్మను మాట్లాడించడమే ఆ విద్య, రేడియోలో ఆ పెదాలు కనపడితే కదా! అయినా యుద్ధమంతా జనం చెవులప్పగించి విన్నారు, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది చార్లీ మెకార్తీ అనే ఆ బొమ్మ పెంకిమాటలు.

వీళ్లకంటే నాకు నచ్చినవాడు సిడ్నీ పిడింగ్టన్. 1942లో సింగపూర్ జపాన్ చేతికి చిక్కినప్పుడు ఖైదీ అయిన ఆస్ట్రేలియా సైనికుడు. చాంగీ క్యాంపులో తిండికే కటకట, ఇక మేజిక్ సామాను ఎక్కడిది? అందుకే ఏ సామానూ అక్కర్లేని టెలిపతీ ఆట, అంటే ఒకరి మనసులోది దూరంగా ఉన్న ఇంకొకరు చెప్పేసే ఆట ఒకటి తోటి ఖైదీ రస్సెల్ బ్రాడన్‌తో కలిసి తయారుచేసి క్యాంపులోనే ఆడాడు. యుద్ధమయ్యాక భార్య లెస్లీతో కలిసి దాన్ని రేడియోకెక్కించాడు. 1949లో బీబీసీలో ఆయన స్టూడియోలో ఉంటే ఆవిడ టవర్ ఆఫ్ లండన్‌లో ఉండి, ఒక పుస్తకంలోంచి ఏరిన వాక్యాన్ని తడుముకుంటూ చెప్పేసింది. అదీ ఎలక్ట్రీషియన్లు కరెంటు ఉండదన్నారంటూ సాగే తలాతోకా లేని వాక్యం! కిటుకు మాత్రం బయటపెట్టలేదు, తేల్చుకోవాల్సింది మీరేనని శ్రోతలకే వదిలేశారు.

అయితే మీవాడు మీకు చెప్పని ముక్క ఒకటుంది. ఆ షో మొదలయ్యేనాటికి డనింజర్‌కు 51 ఏళ్లు, అప్పటికే స్టేజీ మీద ముదిరిపోయిన మనిషి.

మీ టెన్షన్ మేజిక్ గురించి కాదని నాకు తెలుసు. వాడు దేనికీ కాకుండా పోతాడేమోనని, బంధువులడిగితే ఏం చెప్పాలోనని. ఈ ఉత్తరం నాకు డాన్స్ పేరుతో, క్రికెట్ పేరుతో వస్తూనే ఉంటుంది. పేకముక్కలు పారేస్తే పిచ్చి పోతుందా? ఇకమీదట మీకు చెప్పకుండా చేస్తాడు, అంతే. పదిహేడేళ్లవాడు గంటలకొద్దీ ఒకే పనిని సాధన చేస్తున్నాడంటే సంతోషించాల్సింది పోయి!

ఇక మీడియా కోర్సు. సూటిగా చెప్తా, కంటెంట్ క్రియేటర్ కోర్సులంటూ ఇప్పుడు వీధికొకటి వెలుస్తున్నవాటి మీద నాకు నమ్మకం లేదు. మైక్, ఎడిటింగ్, థంబ్‌నెయిల్ నేర్పుతారు, అవి ఫోన్‌లోనే వచ్చేస్తాయి. వినేవాణ్ని పది నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టే మాటను ఎవరు నేర్పుతారు? సీటు నిండాలి కాబట్టి రేపే స్టార్ అయిపోతావని చెప్పి పంపుతారు. దానికి లక్షలు కట్టకండి.

బీటెక్ ఇష్టముంటే చేరమనండి, లేదంటే సైకాలజీ ఉన్న డిగ్రీ చూడండి. మైండ్ రీడింగ్ చేసేవాడికి మనుషుల మనసు గురించి చదివింది వృథా పోదు. ఏది చదివినా సాయంత్రాలు వాడివే. పరీక్షలవగానే పది నిమిషాల ఆడియో ఒకటి రికార్డు చేయమనండి, ఎవరిదో చెప్పకుండా మీ ఆఫీసులో నలుగురికి వినిపించండి. మధ్యలో ఎవరు ఫోన్ చూసుకున్నారో గమనించి, ఉన్నదున్నట్టు వాడికి చెప్పండి.